ఉప్పు చూసే మనిషి

జూన్ 14, శనివారం

ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే ముందే క్షమించమని అడుగుతున్నాను. నా రాత కోడిగీతల్లా ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పులు పోతాయి. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి అమ్మమ్మతో గుడి వంటశాలకు వెళ్ళాను. ఆ తర్వాత నేను రాసినవన్నీ సరుకుల చీటీలే. ఇది బావ ఆఫీసు నోట్‌బుక్. ముందువైపు బావ గీసుకున్న పెట్టెలు, బాణాలు ఉన్నాయి. నేను తిరగేసి వెనకనుంచి రాస్తున్నాను.

బావ ఉద్యోగం పోయి తొమ్మిది రోజులు. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ తీసుకోకపోతే వీసా పోయి మేము అమెరికా వదిలి వెళ్ళాలి.

బావ బాగా అలిసిపోయాడు. నాలుగేళ్ళుగా ఒక్క సెలవు పెట్టలేదు. పడుకోనీ.

జూన్ 16, సోమవారం

పడుకునే ఉన్నాడు.

జూన్ 18, బుధవారం

బాత్‌రూమ్‌లో తేమ ఎక్కువగా ఉంది. చలికాలంలో డాక్టర్ బావకి రాసిచ్చిన నిద్రమాత్రల సీసా అద్దం వెనక ఉండేది. తీసి కందిపప్పు డబ్బాలో, పప్పు కింద పెట్టాను. తేమకి మాత్రలు పాడవుతాయి.

బావ పొద్దున సగం ఇడ్లీ తిన్నాడు. మంచిదే.

జూన్ 20, శుక్రవారం

ఉషక్క ఫోన్ చేసింది. వాళ్ళాయన శ్రేయాస్, బావ ఒకే టీమ్. ఆయన ఉద్యోగం ఉంది.

"త్రివేణీ, రాజీవ్ ఫోన్ ఎత్తట్లేదేంటి? డేల్ అడుగుతున్నాడంట. ఫోర్త్ ఆఫ్ జులై కుకౌట్‌కి మీరు వస్తున్నారా లేదా?"

డేల్ అంటే బావ మేనేజర్. ఏటా నాలుగో తారీఖున వాళ్ళ పెరట్లో అందరికీ భోజనం పెడతాడు. ఎవరు ఏం తేవాలో ముందే కంప్యూటర్‌లో పేర్లు రాసుకోవాలి.

"పోయిన నెలలోనే మనవాళ్ళంతా ఎగబడి పేపర్ ప్లేట్లు, సోడాలు, చిప్స్ క్లిక్ చేసేశారు. మీ ఆయన లేటుగా చూశాడు. మిగిలింది బేక్డ్ బీన్స్ ఒక్కటే. అదేంటో కూడా తెలీకుండా క్లిక్ చేశాడు పాపం." ఉషక్క చాలాసేపు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "నవ్వులాటకి కాదుగానీ, రాజీవ్‌ని ఎలాగైనా పంపు. డేల్ బావమరిది కంపెనీలో ఏదో ఓపెనింగ్ ఉందంట. ఆయన కూడా వస్తాడు. బీన్స్ సంగతి నువ్వు పెట్టుకోకు, నేను డబ్బాలవి కొని వేడిచేసి తెస్తాలే. అది నీ వల్ల అయ్యే పని కాదు."

బావ దగ్గరికి వెళ్ళి చెప్పాను. గోడవైపు తిరిగే ఉన్నాడు.

"నువ్వు ఒక్కసారి వెళ్తే చాలంట బావా."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

ఆ ఒక్క మాటే. మాట్లాడాడు కదా, అది చాలు.

ఉషక్కకి ఫోన్ చేసి బీన్స్ నేనే తెస్తానని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. మా పేరు ఆ లిస్ట్‌లో ఉంది. దాన్ని తీసేస్తే మేము వెళ్ళిపోయినట్టే అవుతుందని అనిపించింది.

జూన్ 21, శనివారం

కింద ఫ్లాట్‌లో లోరెట్టా అనే ఆవిడ ఉంటుంది. డెబ్బై ఏళ్ళు దాటాయి. పోస్టు పెట్టెల దగ్గర కనబడితే 'హాయ్ హనీ' అంటుంది, నేను తల దించుకుని వచ్చేస్తాను. పద్నాలుగు నెలలుగా అంతే. ఈ రోజు బావ ఫోన్‌లో డేల్ పంపిన మెయిల్ తెరిచి పట్టుకుని ఆవిడ తలుపు కొట్టాను.

"బేక్డ్ బీన్స్. హౌ?" అన్నాను. ఆ రెండు ముక్కలు మెట్లు దిగేటప్పుడు పదిసార్లు అనుకుంటూ వచ్చాను.

లోరెట్టా నన్ను లోపలికి లాగి కూర్చోబెట్టింది. షెల్ఫ్ మీద నుంచి ఒక పాత కుండ దింపింది. కరెంటుతో నడిచేది, లోపల మట్టి పాత్ర, పైన గాజు మూత, ఒక పిడి విరిగి టేపు చుట్టి ఉంది. స్లో కుకర్ అంది. నెమ్మదిగా రోజంతా ఉడికిస్తుందట. ప్రతి సీసా చేతికిచ్చి చూపించింది. కెచప్, ఆవాల ముద్ద, వెనిగర్, బ్రౌన్ షుగర్, మొలాసిస్ అని తారులాంటి నల్లటి పాకం. తర్వాత బేకన్ అని పంది మాంసం ముక్కల పొట్లం, పంది మాంసం కలిపిన బీన్స్ డబ్బాలు తీసింది. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను.

"బేకన్ లేకుండానా? అవి బీన్స్ కావు హనీ, శిక్ష," అంది. అయినా కుండ ఇచ్చింది.

తీపి, పులుపు, ఉప్పు కలిపి గింజలతో ఉడికించడమే కదా. బెల్లం వేసిన పులుసులాంటిదే. ఇది నాకు చేతకాకపోవడమేమిటి?

జూన్ 23, సోమవారం

షాపులో చిన్న తెల్ల గింజలు దొరికాయి, బొబ్బర్లకన్నా చిన్నవి. రాత్రి నానబెట్టి, పొద్దున ఆరింటికి అన్నీ కలిపి కుండలో పోశాను. సాయంత్రం ఆరింటికి మూత తీశాను. గింజ నొక్కితే గులకరాయిలా ఉంది. ఇంకో రెండు గంటలు ఉంచాను. అలాగే ఉంది.

కుండ పాతది, పాడైందేమో అనుకున్నాను. అంతా చెత్తబుట్టలో పోశాను. పోస్తుంటే ఏడుపు వచ్చింది. గింజల కోసం కాదు.

జూన్ 24, మంగళవారం

ఎంత బుద్ధిలేనిదాన్ని. చింతపండు రసం పోశాక పప్పు ఉడకదని నాకు ఎనిమిదేళ్ళప్పుడే తెలుసు. ముందు పప్పు మెత్తబడాలి, ఆ తర్వాతే పులుసు. వాళ్ళది డబ్బాలో ముందే ఉడికిన గింజ కాబట్టి వాళ్ళు అన్నీ ఒకేసారి వేసుకుంటారు. సీసాల్లో ఉన్నది కూడా పులుపేనని నాకు తట్టలేదు. కొత్త సీసాలు చూడగానే నాకు వచ్చింది కూడా మరిచిపోయాను.

ఈ మాట బావకి చెప్తే నవ్వుతాడనుకున్నాను. చెప్పాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

జూన్ 25, బుధవారం

సీసాలో మాత్రలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. తేమకి ఏమైనా అయ్యాయేమోనని.

జూన్ 27, శుక్రవారం

గింజలు ప్రెషర్ కుకర్‌లో నాలుగు కూతలు రానిచ్చి, వార్చి, అప్పుడు స్లో కుకర్‌లో వేశాను. బేకన్ బదులు ఉల్లిపాయలు ఇనప పెనం మీద అంచులు నల్లబడేదాకా కాల్చి కలిపాను. ఆరు గంటల్లో దగ్గరపడింది. రంగు బాగుంది, గింజ విరగలేదు. ఉప్పు సంగతి మాత్రం తెలియదు.

ఇక్కడ ఒక విషయం రాయాలి. నేను వంట రుచి చూడను. గుడిలో ప్రసాదం వండేటప్పుడు రుచి చూస్తే ఎంగిలి అవుతుందని నేను గరిటె పట్టకముందే అమ్మమ్మ నేర్పింది. వాసనతోనే ఉప్పు తెలుస్తుంది మాకు. రెండు మణుగుల పులిహోర కూడా ముక్కుతో చూసి దింపేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆ అలవాటు పోలేదు. అందుకే మా ఇంట్లో ఉప్పు చూసే మనిషి బావ. కూర దింపి గరిటెతో పిలిస్తే వచ్చి అరచెయ్యి చాపుతాడు. ఒక చుక్క వేస్తాను. చప్పరించి "ఉప్పు తక్కువైంది" అంటాడు. సరిగ్గా ఉన్నా అంతే అంటాడు. నేను చిటికెడు వేస్తాను. "ఇప్పుడు సరిపోయింది" అంటాడు. అది మా ఇద్దరి ఆట.

ఈ బీన్స్ వాసన నాకు ఏమీ చెప్పట్లేదు. ఇలాంటి వాసన నేనెప్పుడూ ఎరగను, ఇంత ఉంటే సరి అని ఎలా తెలుస్తుంది?

చెంచాలో తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళాను.

"బావా, ఉప్పు చూడు."

"తర్వాత."

చెంచా పట్టుకుని నిలబడ్డాను. చల్లారిపోయింది. మళ్ళీ వేడిది తెచ్చాను.

"తర్వాత అన్నానుగా వేణీ."

జూన్ 28, శనివారం

తర్వాత రాలేదు.

జూన్ 29, ఆదివారం

లోరెట్టాకి గిన్నెలో పట్టుకెళ్ళాను. తిని, కళ్ళు మూసుకుని, "ఉప్పు ఏదీ హనీ?" అంది. వేయడం మరిచిపోయాను. నేను ఉప్పు మరిచిపోయాను. అమ్మమ్మ వింటే నమ్మదు.

జులై 1, మంగళవారం

ఈసారి రెండుసార్లు వేశాను కాబోలు. లోరెట్టా గ్లాసుడు నీళ్ళు గడగడా తాగింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"నువ్వు టేస్ట్ చెయ్యవా?"

"నో టేస్ట్," అన్నాను. "గాడ్ ఫస్ట్."

ఆవిడ ఎగతాళి చేయలేదు. కొంచెం ఆలోచించి నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా పలికింది. "నాలుగో తారీఖు దేవుడు మా చర్చి పిక్నిక్‌లో బిజీగా ఉంటాడు. నీ బీన్స్ దగ్గరికి రాడు. నువ్వే తినాలి." ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుని తన రెండు వేళ్ళు చుట్టూ తిప్పి చూసింది. వేళ్ళు కలిసి ఇంకా మిగిలాయి. "అసలు నువ్వు తింటున్నావా?" అంది.

తింటున్నాను అన్నాను.

జులై 2, బుధవారం

ఇరవై ఏడో రోజు. బావ గడ్డం పెరిగింది. పొద్దున నన్ను పిలిచి, "వేణీ, నువ్వు ఊరెళ్ళిపో. నాకోసం ఇక్కడ ఉండకు. నేను లేకపోతే నీకు మంచి జరుగుతుంది," అన్నాడు. నిద్రమత్తులో అన్నాడు. నిద్రలో మనిషి ఏదేదో అంటాడు.

కళ్ళు తెరిచి అన్నాడు.

జులై 3, గురువారం

బావ అద్దం వెనక వెతికాడు. తలుపు చప్పుడు విన్నాను. వంటింట్లో నిలబడి కుకర్ కూతలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

"ఇక్కడ సీసా ఉండాలి," అన్నాడు.

"ఏ సీసా?"

అద్దం తలుపు మూశాడు. వెళ్ళి పడుకున్నాడు. నాలుగు కూతలు ఎప్పుడో దాటిపోయాయి. గింజలు ముద్దయ్యాయి. ఇంకో దఫా నానబెట్టాను.

జులై 5, శనివారం

నిన్న జరిగింది అంతా రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

పొద్దున గింజలు ఉడికించి, స్లో కుకర్‌లో అన్నీ వేసి, ఉల్లిపాయలు కాల్చి కలిపాను. మధ్యాహ్నానికి దగ్గరపడింది. చెంచా తీసుకుని బావ దగ్గరికి వెళ్ళాను.

"డేల్ వాళ్ళింటికి వెళ్ళాలి బావా. లే. స్నానం చెయ్యి."

"నువ్వు కూడా వెళ్ళకు. జ్వరమని చెప్పమని ఉషకి మెసేజ్ పెట్టు."

"ఉప్పు అయినా చూడు."

దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

వంటింట్లోకి వచ్చాను. చెంచా నా చేతిలోనే ఉంది. దేవుడి పటం ఉన్న అర తలుపు మూశాను. చెంచా నోట్లో పెట్టుకున్నాను.

తియ్యగా ఉంది. ఆ వెనక పులుపు వచ్చింది, ఆ వెనక కాలిన ఉల్లిపాయ. ఉప్పు కొంచెం తక్కువ. కొంచెం వేసి కలిపి మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను. తర్వాత గిన్నెలో వేసుకుని నిలబడే తిన్నాను. గిన్నె అయిపోయింది. ఇంకో గిన్నె వేసుకున్నాను. నాకు అంత ఆకలిగా ఉందని నాకు తెలియదు. ఎన్ని రోజులైందో తెలియదు. తింటూ ఏడ్చాను.

అప్పుడు ఉప్పు సరిపోయిందని నాకు తెలిసింది. ఎవరూ చెప్పకుండా తెలిసింది.

మూత జారకుండా పాత చున్నీతో కట్టాను. కందిపప్పు డబ్బాలోంచి సీసా తీసి బ్యాగ్‌లో వేసుకున్నాను. బ్యాగ్‌లో తేమ ఉండదు.

లోరెట్టా కారులో తీసుకెళ్ళింది. తన పిక్నిక్‌కి ఆలస్యమవుతున్నా గేటు దాకా కుండ మోసింది. డేల్ పెరట్లో చెట్ల కింద నలభై మంది ఉన్నారు. పొగ, మాంసం కాలే వాసన, పిల్లల అరుపులు. పొడవాటి బల్ల మీద వరసగా స్లో కుకర్లు. మధ్యలో ఒక ఖాళీ, దాని ముందు చీటీ మీద బావ పేరు. నా కుండ అక్కడ పెట్టాను.

"అమ్మో, త్రివేణీ! నువ్వే వచ్చావా?" ఉషక్క పరిగెత్తుకు వచ్చింది. "రాజీవ్ ఏడీ?"

నేను నోరు తెరిచేలోగా డేల్ వచ్చాడు. పెద్ద మనిషి, ఎర్ర ఏప్రన్ వేసుకున్నాడు, చేతిలో పట్టకారు. వేర్ ఈజ్ రాజీవ్ అన్నాడు. ఉషక్క నవ్వుతూ తనకు తోచిన సాకు చెప్పేసింది. "హి హాస్ ఫీవర్. జస్ట్ ఫీవర్."

డేల్ తల ఊపి, మర్యాదకి నా బీన్స్ ఒక చెంచా ప్లేటులో వేసుకున్నాడు. తిన్నాడు. ఇంకో రెండు చెంచాలు వేసుకున్నాడు. "యు మేడ్ దిస్?" అన్నాడు.

వెళ్ళిపోతాడు అనిపించింది. గ్రిల్ దగ్గరికి వెళ్ళిపోతాడు, సాయంత్రం అయిపోతుంది, నేను ఖాళీ కుండతో ఇంటికి వెళ్తాను. తలుపు తీస్తాను.

"నో ఫీవర్," అన్నాను.

"త్రివేణీ," అని ఉషక్క నా చెయ్యి గిల్లింది. "ఊరుకో. పరువు పోతుంది. జాబ్ మాటలు జరగాల్సిన చోట..."

"నో ఫీవర్. రాజీవ్ నో గెటప్. ట్వంటీ నైన్ డేస్. నో ఈట్." ఇంక నాకు ఇంగ్లిషు మాటలు దొరకలేదు. బ్యాగ్ తెరిచి సీసా తీసి అతని అరచేతిలో పెట్టాను. "హి సెర్చ్ దిస్. ఐ హైడ్."

నా జన్మలో ఒక పరాయి మగవాడితో అన్ని మాటలు మాట్లాడలేదు. ఉషక్క చెయ్యి నా చేతి మీద అలాగే ఉంది. ఇప్పుడు గిల్లడం లేదు. గట్టిగా పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు.

డేల్ సీసా వంక చూశాడు. పట్టకారు శ్రేయాస్ గారి చేతిలో పెట్టి, "వాచ్ ద బర్గర్స్" అన్నాడు. ఏప్రన్ విప్పకుండానే కారు తీశాడు. నేను వెనక సీట్లో కూర్చుని ఒళ్ళో ఒక డబ్బాలో బీన్స్ పట్టుకున్నాను. డబ్బాలోకి ఎప్పుడు తీశానో గుర్తులేదు. దారి పొడవునా దేవుణ్ణి ఏమీ అడగలేదు. తలుపు తీయగానే బావ దగ్గితే చాలనుకున్నాను.

దగ్గాడు.

డేల్ పడకగదిలో కార్పెట్ మీద, మంచం పక్కన, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి అలా కింద కూర్చోవడం నేను చూడలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అతను చెప్పిందంతా నాకు అర్థం కాలేదు. ఎప్పుడో తన ఉద్యోగం కూడా పోయిందని, బేస్‌మెంట్‌లో పదకొండు వారాలు పడుకున్నాడని, భార్య అతని తుపాకీ తీసుకెళ్ళి వాళ్ళ నాన్న ఇంట్లో దాచిందని మాత్రం తెలిసింది. అది చెప్పేటప్పుడు తలుపు దగ్గర ఉన్న నా వైపు చూపించాడు.

బావ దుప్పటి తీశాడు. నా వంక చూశాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి నాకు ధైర్యం వచ్చింది, ఎందుకో.

డేల్ వెళ్ళేటప్పుడు సీసా తన జేబులోనే పెట్టుకుని వెళ్ళాడు. సోమవారం పొద్దున తానే వచ్చి బావని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఉద్యోగం మాట ఆ తర్వాత అన్నాడు. బావమరిదితో మాట్లాడతానన్నాడు, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు.

సాయంత్రం బావ లేచి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అన్నం, పక్కన బీన్స్ పెట్టాను. ఒక ముద్ద కలిపాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

తక్కువ కాలేదు. నేను రుచి చూశాను, రెండు గిన్నెలు తిన్నాను, డేల్ మూడు చెంచాలు వేసుకున్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది.

లేచి వెళ్ళి ఉప్పు డబ్బా మూత తీశాను. ఏమీ తీసుకోలేదు. ఖాళీ వేళ్ళు కలిపి అతని కంచం మీద చల్లినట్టు చేశాను.

ఇంకో ముద్ద తిన్నాడు.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు.

జులై 6, ఆదివారం

ముప్పై ఒకటో రోజు. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. రేపు డాక్టర్ దగ్గర ఏమంటారో తెలియదు. బావ పొద్దున మళ్ళీ పడుకున్నాడు. కానీ పదింటికి లేచి గడ్డం గీసుకున్నాడు. అద్దం తలుపు చప్పుడైనప్పుడు నేను పరిగెత్తాను. బ్లేడు లోపల పెట్టి తలుపు వేశాడంతే. ఇంకా కొన్నాళ్ళు పరిగెత్తుతాను.

తేమ వల్ల కాదు. ఒక్కసారైనా నిజం రాయాలి కదా. బాత్‌రూమ్‌లో తేమే లేదు.

బావా, ఉద్యోగం దొరికి నీకు ఈ నోట్‌బుక్ అవసరమైతే, ముందువైపు నీ పెట్టెలు, బాణాలు చింపి దాచుకో. వెనకవైపు పేజీలు చదవకు. పూల్ దగ్గర అందరూ వాడే గ్రిల్ ఉంది, అందులో వేసి అంటించు. సిగ్గుపడి చెప్పట్లేదు. ఖాళీ వేళ్ళ సంగతి నీకు తెలిస్తే ఇంక ఎప్పుడూ ఉప్పు తక్కువైంది అనవు. నాకు ఆ మాట రోజూ వినాలని ఉంది.